యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) తెలుగునాట పుట్టి, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పరిశోధనలు చేసిన వైద్యుడు, జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ తరగతికి చెందిన తొలి ఔషధం, బోదకాలు మందు, రక్త కాన్సరుకు వాడిన తొలి మందులు ఈయన నాయకత్వంలోని పరిశోధన బృందాల నుండి వెలువడ్డాయి. తెలుగువారిలో చాలామందికి ఈయన మందుల శాస్త్రవేత్తగానే పరిచయం. అయితే అంతకు ముందే, 1920లలో, మనిషి కండరం కదలడానికి శక్తి ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు సమాధానం కనుగొన్న ఇద్దరు ముగ్గురిలో ఈయన ఒకడు. మెదడు ఆజ్ఞ ఇస్తుంది, నాడి దానిని మోసుకుపోతుంది, కాని ఆ ఆజ్ఞ అందిన క్షణంలో ఖర్చు పెట్టడానికి కండరంలో శక్తి సిద్ధంగా ఉండాలి. ఆ శక్తి నిల్వ ఏ రూపంలో ఉంటుందో చూపినవారిలో సుబ్బారావు ముఖ్యుడు. ఈ వ్యాసం ఆయన జీవితాన్ని ప్రధానంగా ఆ కోణం నుండి వివరిస్తుంది.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో ఒక పేద బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చదువు సాఫీగా సాగలేదు. చిన్నతనంలో కాశీకి పారిపోయి అక్కడి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనం సంపాదించాలని బయలుదేరగా, ఇంటివారు దారిలోనే పట్టుకొని వెనక్కు తెచ్చారని చెబుతారు. రాజమండ్రిలో కొంతకాలం చదివినా మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. చివరకు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. ఆ రోజులలో రామకృష్ణ మఠం ప్రభావానికి లోనై సన్యసించాలని తలచాడు. తల్లి అంగీకరించలేదు. మఠం పెద్దలు కూడా వైద్యం చదివి ప్రజాసేవ చేయమని సలహా ఇచ్చారు. ఆ విధంగా మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించాడు. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ఆర్థికంగా తోడ్పడ్డాడు. ఈయన భార్య పేరు శేషగిరి.

గాంధీజీ పిలుపు మేరకు సుబ్బారావు ఖద్దరు ధరించడం ప్రారంభించాడు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది రుచించలేదు. మిగిలిన పరీక్షలు బాగా వ్రాసినప్పటికీ, పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు.

స్ప్రూ వ్యాధి - జీవితంలో మలుపు

ఆ కాలంలో స్ప్రూ అనే వ్యాధి ఉష్ణదేశాలలో ఎందరినో బలిగొంటూ ఉండేది. పేగులు ఆహారాన్ని గ్రహించలేక, విరేచనాలతో శరీరం శుష్కించి, తీవ్రమైన రక్తహీనతతో రోగి మరణించేవాడు. సుబ్బారావు సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో ఈ వ్యాధికే బలయ్యారు. కొంతకాలానికి తానూ ఆ వ్యాధి బారిన పడ్డాడు. ఆధునిక వైద్యంలో అప్పటికి దానికి మందు లేదు. ఆయుర్వేద వైద్యంలో ప్రసిద్ధుడైన ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నాడు. ఆ తరువాత మద్రాసులో లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉపన్యాసకుడిగా చేరాడు.

సోదరుల మృతి ఆయన మనసును వదలలేదు. వైద్యుడిగా ఒక్కొక్క రోగిని చూడడం కంటే, వ్యాధికి మూలం ఏమిటో, దానికి మందు ఏమిటో కనుగొనే పరిశోధనే తన మార్గమని నిశ్చయించుకున్నాడు. మామగారి సహాయంతోను, కాకినాడకు చెందిన సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ మద్దతుతోను 1920ల తొలి సంవత్సరాలలో బోస్టను నగరానికి చేరుకొని, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్య విభాగంలో చేరాడు. చేతిలో ధనం లేనందున ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న ఉద్యోగం చేస్తూ చదివాడు. డిప్లొమా పూర్తి అయిన తరువాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో పరిశోధకుడిగా స్థానం లభించింది. అక్కడ సైరస్ ఫిస్కేతో కలసి పని ప్రారంభించాడు.

కండర చలనం గురించి నాటి అవగాహన

సుబ్బారావు చేసిన పని విలువ తెలియాలంటే, ఆయన పరిశోధనశాలలో అడుగు పెట్టేనాటికి ఈ విషయంలో శాస్త్రజ్ఞులు ఏమని నమ్ముతున్నారో తెలుసుకోవాలి.

కప్ప కాలి నాడిని విద్యుత్తుతో తాకితే కండరం ముడుచుకుంటుందన్న సంగతి 18వ శతాబ్దంలోనే గాల్వానీ ప్రయోగాలతో తెలిసింది. నాడి ద్వారా సంకేతం వస్తుంది, కండరం పని చేస్తుంది. మరి పని చేయడానికి శక్తి ఎక్కడిది? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో ఆర్చిబాల్డ్ హిల్, జర్మనీలో ఆటో మేయర్‌హాఫ్ ఇచ్చిన వివరణ 1920లలో అందరూ అంగీకరించినది. కండరంలోని గ్లైకోజెన్ విడిపోయి లాక్టిక్ ఆమ్లంగా మారుతుందని, ఆ ఆమ్లమే కండరం ముడుచుకోవడానికి కారణమని ఆ సిద్ధాంతం చెప్పేది. కండర శక్తిపై చేసిన కృషికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి వీరిద్దరికీ లభించింది. కొలతలు ఖచ్చితమైనవే. పని చేసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం పెరిగిన మాట నిజమే. అయితే అది చలనానికి కారణమా, లేక చలనం తరువాత మిగిలే పదార్థమా అన్నది తేలలేదు.

భాస్వరాన్ని కొలిచే పద్ధతి

ఫిస్కే, సుబ్బారావుల తొలి విజయం ఒక కొలత పద్ధతి. రక్తం, మూత్రం, కణజాలం వంటి వాటిలో ఫాస్ఫేటు రూపంలో ఉన్న భాస్వరాన్ని కొద్దిపాటి నమూనాతో, నమ్మకంగా కొలిచే విధానాన్ని వీరు 1925లో ప్రచురించారు. నమూనాకు ఆమ్లంలో కరిగిన మాలిబ్డేటును చేర్చి, ఆపైన మరొక రసాయనం కలిపితే నీలిరంగు ఏర్పడుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే నీలిరంగు అంత చిక్కగా ఉంటుంది. తెలిసిన ద్రావణపు రంగుతో పోల్చి పరిమాణాన్ని లెక్క కడతారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ఇది ప్రపంచమంతటా వైద్య ప్రయోగశాలలలోకి ప్రవేశించింది. జీవరసాయన శాస్త్ర విద్యార్థులు దీనిని నేటికీ నేర్చుకుంటారు.

ఫాస్ఫోక్రియాటిన్

ఇదే పద్ధతిని కండర సారానికి ఉపయోగించినపుడు ఒక వింత కనిపించింది. మామూలు ఫాస్ఫేటు ద్రావణంలో వలె రంగు తిన్నగా ఏర్పడి నిలిచిపోలేదు. మొదట తక్కువగా ఏర్పడి, నిమిషాలు గడచిన కొద్దీ పెరుగుతూ పోయింది. పరీక్షలో ఏదో లోపమని కొట్టిపారేయకుండా, వారిద్దరూ దాని వెంట పడ్డారు. కండరంలో ఫాస్ఫేటు వేరే ఏదో పదార్థంతో కలసి ఉన్నదని, ఆ కలయిక చాలా బలహీనమైనదని, పరీక్షలోని ఆమ్లం తగలగానే విడిపోతూ ఫాస్ఫేటును మెల్లమెల్లగా వదులుతున్నదని వారు గ్రహించారు. విడిపోయినపుడు ఫాస్ఫేటుతో సమానమైన అణు నిష్పత్తిలో క్రియాటిన్ కూడా వెలువడుతున్నది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. అంతకు ముందు పరిశోధకులు కండరంలో విడిగా ఉన్న ఫాస్ఫేటుగా లెక్కించినదానిలో అధిక భాగం నిజానికి ఈ పదార్థమే.

ఈ ఫలితాన్ని 1927లో ప్రకటించారు. పిల్లి కండరాలపై చేసిన ప్రయోగాలలో, కండరాన్ని ఉత్తేజపరచి పని చేయించినపుడు ఫాస్ఫోక్రియాటిన్ తగ్గిపోతున్నదని, విశ్రాంతి ఇచ్చినపుడు తిరిగి ఏర్పడుతున్నదని తేలింది. అదే సంవత్సరం లండనులో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కప్ప కండరంలో ఇటువంటి అస్థిర ఫాస్ఫేటును స్వతంత్రంగా గుర్తించి దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అది క్రియాటిన్‌తో కూడిన పదార్థమని నిరూపించినది మాత్రం ఫిస్కే, సుబ్బారావులు.

ఎ.టి.పి.

1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరంలోను, కాలేయంలోను ఉన్న మరొక భాస్వర పదార్థాన్ని వేరుచేసినట్లు ప్రకటించారు. అది ఎడినోసిన్ ట్రై ఫాస్ఫేట్. పొడి అక్షరాలలో ఎ.టి.పి. అంటారు. అదే సంవత్సరం జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలలోని కార్ల్ లోమాన్ కూడా ఈ పదార్థాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు. శాస్త్ర చరిత్రలో ఈ ఆవిష్కరణ ఘనత ఈ రెండు బృందాలకూ చెందుతుంది.

ఈ కొత్త పదార్థాల ప్రాముఖ్యం త్వరలోనే బయటపడింది. 1930లో డెన్మార్కుకు చెందిన ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా నిరోధించే విషాన్ని ఇచ్చిన కండరం కూడా కొంతసేపు ముడుచుకోగలుగుతున్నదని, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చు అవుతున్నదని చూపాడు. దానితో లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం నిలబడలేదు. హిల్ స్వయంగా 1932లో ఈ మార్పును కండర శాస్త్రంలో వచ్చిన విప్లవంగా పేర్కొంటూ వ్యాసం వ్రాశాడు. 1934లో లోమాన్, ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఇచ్చి ఎ.టి.పి.ని తిరిగి తయారు చేస్తుందని చూపాడు. 1939లో రష్యాకు చెందిన ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు కండరంలోని మయోసిన్ అనే మాంసకృత్తే ఎ.టి.పి.ని విడగొడుతుందని కనుగొన్నారు. ఇంతటి పరిణామానికి మూలమైన పదార్థాలు రెండింటి ఆవిష్కరణలోను భీమవరం యువకుడి పేరు ఉంది. ఈ పరిశోధనకు గాను 1930లో హార్వర్డ్ నుండి సుబ్బారావు పి.హెచ్.డి. పట్టా పొందాడు.

ఆజ్ఞ నుండి చలనం వరకు

సుబ్బారావు కనుగొన్న పదార్థాలు మన కదలికలో ఎక్కడ పని చేస్తాయో నేటి శాస్త్రం ప్రకారం క్రమంగా చూడవచ్చు.

కాలు ఎత్తాలన్న సంకల్పం కలిగినపుడు మెదడు పైపొరలోని చాలక ప్రాంతం నుండి సంకేతం బయలుదేరుతుంది. ఆ నాడీ తంతువులలో ఎక్కువ భాగం మజ్జాముఖం వద్ద రెండవ వైపుకు దాటుతాయి. అందుచేతనే మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి కాలు, కుడి చెయ్యి చచ్చుబడతాయి. సంకేతం వెన్నుపాము గుండా దిగి, అక్కడ ముందు భాగంలో ఉన్న చాలక నాడీకణాలను చేరుతుంది. ఒక్కొక్క చాలక నాడీకణం తన పొడవైన తంతువు ద్వారా కొన్ని కండర తంతువులను పాలిస్తుంది. కంటిని తిప్పే కండరాలలో ఒక నాడీకణం కింద పది వరకు మాత్రమే కండర తంతువులు ఉంటే, పిక్క కండరంలో వెయ్యికి పైగా ఉండవచ్చు. సున్నితమైన పని చేసే చోట చిన్న దళాలు, బలం కావలసిన చోట పెద్ద దళాలు అన్నమాట. తక్కువ బలం చాలినపుడు చిన్న నాడీకణాలు మాత్రమే పని చేస్తాయి. బరువు పెరిగే కొద్దీ పెద్దవి కూడా రంగంలోకి దిగుతాయి.

నాడి కొన కండరాన్ని తాకే చోట ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం వెలువడుతుంది. దానివల్ల కండర తంతువు పొడవునా విద్యుత్ తరంగం పాకుతుంది. లోపలి సంచులలో దాగిన కాల్షియం బయటకు వస్తుంది. అప్పుడు మయోసిన్ తంతువుల తలలు పక్కనున్న ఆక్టిన్ తంతువులను పట్టుకొని లాగుతాయి. ఈ తంతువులు తాము కురచ కాకుండా ఒకదానిపై ఒకటి జరుగుతాయని 1954లో రెండు బృందాలు విడివిడిగా చూపాయి. లాగిన ప్రతిసారీ ఒక ఎ.టి.పి. అణువు ఖర్చవుతుంది. పట్టు వదలడానికి కూడా ఎ.టి.పి. కావాలి. మరణించిన తరువాత ఎ.టి.పి. తరిగిపోయి, పట్టిన పట్టు విడవకపోవడం వల్లనే శవం బిగుసుకుపోతుంది. కాల్షియాన్ని తిరిగి సంచులలోకి తోడడానికీ, నాడులు తమ విద్యుత్ స్థితిని నిలుపుకోవడానికీ ఆ ఎ.టి.పి.యే ఆధారం.

మన శరీరంలో ఏ క్షణాన చూసినా ఎ.టి.పి. మొత్తం రెండు మూడు వందల గ్రాములకు మించదు. కండరంలో ఉన్నది తీవ్రమైన శ్రమకు రెండు మూడు సెకన్లు మాత్రమే చాలుతుంది. అది తరగకుండా వెనువెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటిన్. అది మరికొన్ని సెకన్లు ఆదుకుంటుంది. ఈలోగా గ్లైకోజెన్ విడిపోయే ప్రక్రియ, ఆ తరువాత ప్రాణవాయువుతో ఆహార పదార్థాలను దహించే ప్రక్రియ వేగం అందుకుంటాయి.

అలిపిరి మెట్లు - ఒక ఉదాహరణ

తెలుగువారికి బాగా తెలిసిన ఒక శ్రమను తీసుకొని ఈ విషయాన్ని అర్థం చేసుకోవచ్చు. తిరుపతిలో కొండ పాదాన ఉన్న అలిపిరి నుండి తిరుమలకు కాలినడక దారి సుమారు 9 కిలోమీటర్లు. మెట్లు 3550. మొదటి నుండి గాలి గోపురం వరకు ఎక్కుడు కఠినంగా ఉంటుంది. తరువాత చాలా దూరం తేలికగా సాగి, చివరలో మోకాళ్ళ పర్వతం వద్ద మళ్ళీ నిటారుగా ఉంటుంది.

కొందరు యువకులు అలిపిరి వద్ద ఉత్సాహంతో పరుగున మెట్లెక్కడం ప్రారంభిస్తారు. ఆ మొదటి కొన్ని సెకన్ల పరుగు ఫాస్ఫోక్రియాటిన్ నిల్వపై నడుస్తుంది. అది తరిగిన తరువాత కాళ్ళు బరువెక్కుతాయి. మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉన్నా తొడ కండరాలు మునుపటి వేగంతో స్పందించవు. మెట్టుపై కూర్చొని రెండు మూడు నిమిషాలు సేదతీరితే మళ్ళీ లేవగలుగుతారు. ఆ విశ్రాంతిలో ఫాస్ఫోక్రియాటిన్ చాలావరకు తిరిగి ఏర్పడడమే ఇందుకు ఒక ముఖ్య కారణం. పిల్లి కండరంలో 1927లో కనిపించినది ఇదే. మొదటి నుండి నిదానంగా, ఒకే వేగంతో ఎక్కే వృద్ధులు ప్రాణవాయువుతో జరిగే దహనంపై ఆధారపడతారు కనుక, తరచు ఆ యువకుల కంటే ముందే గాలి గోపురం చేరడంలో ఆశ్చర్యం లేదు.

మెట్లెక్కేటపుడు ప్రతి అడుగునూ మనం ఆలోచించి వేయము. ఒక కాలు బరువు మోస్తుండగా రెండవ కాలు ముందుకు రావడమనే లయను చాలావరకు వెన్నుపాములోని నాడీ వలయాలే నడిపిస్తాయి. కండరాలలోను, కీళ్ళలోను ఉన్న గ్రాహకాలు కాలు ఏ స్థితిలో ఉన్నదో జ్ఞాననాడుల ద్వారా ఎప్పటికప్పుడు తెలియజేస్తాయి. అనుమస్తిష్కం ఆ సమాచారాన్ని సంకల్పంతో పోల్చి సరిచేస్తుంది. ఒక మెట్టు కాస్త ఎత్తుగా ఉండి కాలు తగిలితే, మనకు తెలిసేలోపే రెండవ కాలు శరీరాన్ని నిలుపుతుంది.

దిగేటపుడు ఆయాసం తక్కువ. కాని మరునాడు తొడలు, పిక్కలు ఎక్కువగా నొప్పి పెడతాయి. దిగుతున్నపుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. ఆ పనిలో తంతువులకు కలిగే సూక్ష్మమైన గాయాలే ఈ నొప్పికి కారణం. లాక్టిక్ ఆమ్లం పేరుకొనడం వల్ల ఈ నొప్పి వస్తుందని చాలామంది నేటికీ అనుకుంటారు. అది సరికాదు. ఆ ఆమ్లం శ్రమ ముగిసిన గంట రెండు గంటలలోనే కండరం నుండి తొలగిపోతుంది.

శక్తి ఉండి ఆజ్ఞ అందకపోతే ఏమవుతుందో పోలియో వ్యాధిలో చూడవచ్చు. పోలియో వైరస్ వెన్నుపాములోని చాలక నాడీకణాలను నాశనం చేస్తుంది. కండరంలో ఎ.టి.పి. ఉంటుంది, ఆక్టిన్, మయోసిన్ ఉంటాయి, కాని లాగమని చెప్పేవారు లేరు. వాడుక లేక ఆ కండరం క్రమంగా శుష్కిస్తుంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి ఇటువంటి పోలియో బాధితులకు శస్త్రచికిత్సలు చేసి పేరు పొందింది. పని చేస్తున్న కండరపు స్నాయుబంధాన్ని పని లేని కండరం చోటికి మార్చడం పోలియో శస్త్రచికిత్సలలో ముఖ్యమైన పద్ధతి. టీకాల ఫలితంగా 2011 జనవరి తరువాత భారతదేశంలో సహజ పోలియో వైరస్ వల్ల కొత్త కేసులు లేవు. 2014 మార్చిలో దేశాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించారు.

లెడర్లీలో ఫోలిక్ ఆమ్లం

హార్వర్డ్‌లో సుబ్బారావుకు తగిన పదోన్నతి లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, రెండేళ్ళలో పరిశోధన విభాగానికి సంచాలకుడయ్యాడు. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిని, తీవ్ర రక్తహీనతలను నయం చేసే పదార్థం కాలేయంలో ఉన్నదని ఆయన హార్వర్డ్ రోజుల నుండీ వెదుకుతున్నాడు. జేకబ్సన్ అనే సహచరునితో కలసి 1930లలో కాలేయ సారంపై పరిశోధన పత్రాలు ప్రచురించాడు.

అంతకు ముందే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని కనుగొన్నది. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. 1945లో సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగింది. అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ దీనిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా వారి రక్తహీనత తగ్గింది. సోదరుల మరణం తరువాత సుమారు పాతికేళ్ళకు వారికి కావలసిన మందు సిద్ధమయింది. నేడు గర్భిణీ స్త్రీలకు ఇచ్చే ఇనుము మాత్రలలో ఫోలిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. గర్భధారణకు ముందు నుండి తీసుకుంటే బిడ్డ వెన్నుపాము, మెదడు రూపొందడంలో వచ్చే కొన్ని తీవ్రమైన లోపాలను ఇది నివారిస్తుందని 1991లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో రుజువైంది.

రక్తం కోలుకున్నా నాడులు కోలుకోలేదు

అయితే పెర్నిషియస్ అనీమియా అనే మరొక రక్తహీనతలో ఒక చేదు నిజం బయటపడింది. ఫోలిక్ ఆమ్లంతో ఆ రోగుల రక్తం మెరుగుపడేది, కాని నాడుల జబ్బు ఆగేది కాదు. కాళ్ళలో తిమ్మిరి, అడుగు ఎక్కడ పడుతున్నదో తెలియకపోవడం, చీకటిలో తూలిపోవడం, చివరకు కాళ్ళు బిగుసుకుపోవడం కొనసాగేవి. వెన్నుపాములో కాలి స్థితిని మెదడుకు చేరవేసే తంతువులు, మెదడు ఆజ్ఞను కిందికి తెచ్చే తంతువులు రెండూ తమ పైపొరను కోల్పోవడమే ఇందుకు కారణం. కండరంలో శక్తి ఉన్నా, ఆజ్ఞ పూర్తిగా తెగకపోయినా, కాలు ఎక్కడున్నదో తెలియని మనిషి సరిగా నడవలేడు.

ఈ నాడులను కాపాడేది ఫోలిక్ ఆమ్లం కాదు, బి12 విటమిన్. దీనిని 1948లో అమెరికాలో ఒక బృందం, ఇంగ్లండులో ఒక బృందం వేరుచేశాయి. సుబ్బారావు కన్నుమూసిన సంవత్సరమే అది. ఈ విషయం నేటికీ ముఖ్యమైనది. బి12 శాకాహారంలో ధాన్యాలు, కూరగాయల నుండి లభించదు. పాలు, పెరుగు నుండి కొంత వస్తుంది. బి12 లోపం ఉన్నవారికి కేవలం ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్త పరీక్ష బాగుపడినట్లు కనిపించి, లోపల నాడులు దెబ్బతింటూనే ఉంటాయి. అందుచేత వైద్యులు ముందుగా బి12 సంగతి చూస్తారు, లేదా రెండింటినీ కలిపి ఇస్తారు.

ఇతర ఔషధాలు

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా లెడర్లీ బృందం తయారు చేసింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమైనాప్టెరిన్‌ను రక్త కాన్సరు సోకిన పిల్లలకు ఇవ్వగా, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసింది. 1948లో ప్రచురించిన ఆ ఫలితం కాన్సరు మందుల చికిత్సకు పునాదులలో ఒకటి. ఆ తరగతికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సరులోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉంది.

బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ (హెట్రజాన్) 1947లో వెలువడింది. గోదావరి జిల్లాలతో సహా కోస్తా ప్రాంతంలో ఈ వ్యాధి ఎంత విస్తరించి ఉండేదో తెలిసినవారికి దీని విలువ చెప్పనక్కరలేదు. నేల నుండి సేకరించిన సూక్ష్మజీవిలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో ప్రకటితమయింది. టెట్రాసైక్లిన్ తరగతికి ఇదే మొదటిది.

మరణం, గుర్తింపు

1948 ఆగష్టులో సుబ్బారావు నిద్రలోనే మరణించాడు. అప్పటికి వయసు 53 సంవత్సరాలు. అమెరికాకు వెళ్ళిన తరువాత ఆయన మళ్ళీ స్వదేశానికి రాలేదు.

తన పేరును ముందుకు తెచ్చుకునే స్వభావం ఆయనకు లేదు. లెడర్లీ నుండి వెలువడిన ఆవిష్కరణల ప్రకటనలలో సహచరులను ముందు నిలిపి తాను వెనుక ఉండేవాడు. హార్వర్డ్‌లో ఫిస్కే అసూయ కారణంగా సుబ్బారావు పరిశోధనలలో కొన్ని వెలుగు చూడలేదని, వాటిని తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, అదే విభాగంలో పనిచేసి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ పేర్కొన్నాడు. ఎ.టి.పి. గురించి తరువాతి కాలంలో పనిచేసిన పలువురికి నోబెల్ బహుమతులు లభించాయి. శరీరంలో ఎ.టి.పి. తయారయ్యే విధానాన్ని వివరించినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో లభించిన బహుమతి వాటిలో ఒకటి. ఆ పదార్థాన్ని కనుగొన్న సుబ్బారావుకు మాత్రం అటువంటి గౌరవమేదీ దక్కలేదు.

1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది. క్రీడాకారులు వాడే క్రియాటిన్ పొడి వెనుక ఉన్న శాస్త్రం ఫాస్ఫోక్రియాటిన్‌దే. పాఠశాల జీవశాస్త్ర పుస్తకాలలో ఎ.టి.పి. గురించిన పాఠం తప్పనిసరిగా ఉంటుంది. ఆ పాఠం చదివే తెలుగు విద్యార్థులు దాని ఆవిష్కర్తలలో మెట్రిక్యులేషన్ మూడవసారి గట్టెక్కిన ఒక తెలుగువాడు ఉన్నాడని కూడా తెలుసుకోవడం అవసరం.